హెచ్‌డీఆర్ పెట్టగానే టీవీ ఎందుకు మసకబారుతుంది?

థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లోనో, బాక్సింగ్ డే సేల్‌లోనో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకైతే రంజాన్ ఆఫర్లలోనో మనలో చాలామంది ఇళ్ళకి పెద్ద టీవీ వచ్చి ఉంటుంది. అట్టపెట్టె మీద ‘4కె, హెచ్‌డీఆర్’ అని పెద్ద పెద్ద అక్షరాలు. షాపులో చూసినప్పుడు కళ్ళు జిగేల్‌మన్నాయి. ఇంటికి తెచ్చి, గోడకి బిగించి, ఎంతో ఆశగా సినిమా పెడతాం. తెర మూల హెచ్‌డీఆర్ అన్న ముద్ర ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. దాంతోపాటే వెలుగూ మాయమవుతుంది! పక్కనే యూట్యూబ్‌లో పాత పాట పెడితే మాత్రం శుభ్రంగా, వెలుగ్గా ఉంటుంది. ఎక్కువ డబ్బు పోసి కొన్న సౌకర్యం తక్కువ వెలుగు ఇవ్వడం ఏమిటి?

ఈ ఫిర్యాదు మన నోటి నుంచే ఎక్కువగా రావడానికి ఒక కారణం ఉంది. ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి తొమ్మిదింటికి లైట్లార్పుకుని చూసేవాళ్ళకి అదే టీవీ బ్రహ్మాండంగా ఉంటుంది. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూనో, పిల్లలకి అన్నం పెడుతూనో, కిటికీ తెరలు తీసి ఉన్న గదిలో చూసేవాళ్ళకి హీరో మొహం బదులు ఎదురుగా ఉన్న సోఫా నీడ కనబడుతుంది. చెబితే మూడు జవాబులు వస్తాయి. ఒకటి, ‘సినిమానే అంత చీకటిగా తీశారు.’ రెండు, ‘నువ్వోసారి కళ్ళు చూపించుకో.’ మూడు, ‘హెచ్‌డీఆర్ అంటే అంతే.’ మూడోది మా ఇంటికి వచ్చిన టెక్నీషియన్ నోటి నుంచే విన్నాను.

నేను చదివింది బీఎస్సీ ఫిజిక్స్. ఉద్యోగం చేయకపోయినా, ‘అంతే’ అన్న మాట వింటే ‘ఎంత?’ అని అడగాలనిపిస్తుంది. ఫోటోగ్రఫీ చేసే స్నేహితురాలి దగ్గర తెర వెలుగుని కొలిచే మీటరు అరువు తెచ్చి, కొన్ని మధ్యాహ్నాలు కూర్చుని కొలిచాను. నాకు అర్థమైంది ఇది. హెచ్‌డీఆర్ మసకకి ఉండే కారణాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో ఎక్కువ భాగం పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగేవి. వరసగా, ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి, అంతే. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పని చేసిందో తెలియదు.

ముందు కొలత సంగతి

తెర వెలుగుని నిట్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు తెర నుంచి ఒక క్యాండెలా కాంతి వస్తే అది ఒక నిట్. క్యాండెలా అంటే ఇంచుమించు ఒక కొవ్వొత్తి వెలుగు. మామూలు వీడియోని, అంటే ఎస్‌డీఆర్‌ని, స్టూడియోలో తెలుపు 100 నిట్లు ఉండేలా తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ సిగ్నల్ 10,000 నిట్ల దాకా చెప్పగలదు. సినిమాలని మాత్రం చాలావరకు 1000 నిట్ల, లేదా 4000 నిట్ల తెర మీద చూసుకుంటూ తయారుచేస్తారు.

మన ఇళ్ళలోని టీవీల సత్తా వేరువేరు. చవక రకం హెచ్‌డీఆర్ టీవీ 250 నుంచి 350 నిట్లు ఇస్తుంది. మధ్యరకం 600 నుంచి 1000 మధ్య. ఖరీదైన మినీ ఎల్ఈడీ టీవీలు 2000 కూడా దాటతాయి. 2016లో టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసి పెట్టుకున్న యూహెచ్‌డీ అలయన్స్ సంస్థ మేలురకం టీవీకి ఒక ప్రమాణం పెట్టింది. కనీసం 1000 నిట్ల వెలుగు ఉండాలి, లేదా నలుపు మరీ గాఢంగా ఇవ్వగలిగితే 540 నిట్లు చాలు. అట్టపెట్టె మీద వట్టి ‘హెచ్‌డీఆర్’ అని ఉంటే మాత్రం, ఆ సిగ్నల్ వస్తే టీవీకి అర్థమవుతుంది అని మాత్రమే అర్థం. ఎంత వెలుగు ఇవ్వగలదో ఆ ముద్ర చెప్పదు.

తగినంత ఉప్పు, 5 గ్రాముల ఉప్పు

అసలు కిటుకు ఇక్కడ ఉంది. ఎస్‌డీఆర్ సిగ్నల్ టీవీతో ‘నీకు చేతనైన వెలుగులో ఇంత వంతు ఇవ్వు’ అంటుంది. మన అమ్మమ్మల వంటలో ‘తగినంత ఉప్పు’ అన్నట్టు. టీవీలో వెలుగు మీట పెంచితే అన్నీ కలిసి పెరుగుతాయి. హీరో తెల్లపంచె స్టూడియోలో 100 నిట్లే అయినా, మన టీవీ పూర్తి వెలుగులో ఉంటే 300, 400 నిట్లతో మెరుస్తుంది.

హెచ్‌డీఆర్ సిగ్నల్ అలా అనదు. ‘ఈ చుక్క దగ్గర 150 నిట్లు, ఆ చుక్క దగ్గర 800 నిట్లు’ అని అంకె చెబుతుంది. ‘5 గ్రాముల ఉప్పు’ అన్నట్టు. 2014లో వచ్చిన ఎస్‌టీ 2084 అనే ప్రమాణం ఈ లెక్కని నిర్ణయించింది. దాన్నే పీక్యూ అంటారు. ఈ స్కేలు మన కంటి తీరుకి తగ్గట్టు ఉంటుంది. సిగ్నల్ సగానికి వస్తే వెలుగు 92 నిట్లే. ముప్పావుకి వస్తే సుమారు 1000. పై పావు భాగం అంతా 1000 నుంచి 10,000 దాకా ఉన్న మెరుపులకే. మామూలు తెలుపు ఎక్కడ ఉంచాలన్నదానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ సూచించిన అంకె 203 నిట్లు. సినిమాల్లో అంతకంటే తక్కువ కూడా పెడతారు.

ఇప్పుడు లెక్క చూడండి. అదే పంచె ఎస్‌డీఆర్‌లో 350 నిట్లు, హెచ్‌డీఆర్‌లో 150 నిట్లు. మసగ్గా కనబడక ఏమవుతుంది? హెచ్‌డీఆర్ గొప్పదనం పంచెలో ఉండదు. పక్కన దీపపు సెమ్మెలో ఒత్తి, మెడలో కాసులపేరు మీద మెరిసే ఎండ, నీళ్ళ మీద తళుకు, వీటిలో ఉంటుంది. అవి 600, 800 నిట్లతో మెరుస్తుంటే పక్కన ఉన్న మామూలు తెలుపు తన చోట తాను ఉంటుంది. కాబట్టి కొంత ‘మసక’ హెచ్‌డీఆర్ స్వభావమే. తళుకులు కూడా వెలవెలబోతున్నాయంటే మాత్రం ఎక్కడో వెలుగు ఆగిపోతోందన్నమాట. దాన్నే వెతకాలి.

ఇంకో మాట. ఎస్‌డీఆర్‌లో వెలుగు మీట సగంలో ఉంటే పెంచుకోవడానికి మిగులు ఉంటుంది. హెచ్‌డీఆర్ రాగానే చాలా టీవీలు ఆ మీటని తామే గరిష్ఠానికి తీసుకెళ్ళిపోతాయి. అందుకే ‘ఇంకా పెంచుదాం’ అనుకుంటే చోటుండదు. దారిలో వెలుగు మింగేస్తున్నది ఏదో పట్టుకోవడమే మన పని.

ఒకటి: వస్తున్నది నిజంగా హెచ్‌డీఆరేనా?

మన తెలుగు ఇళ్ళలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మనం చూసే పాత సినిమాలు, సీరియళ్ళు, కచేరీలు, యూట్యూబ్ వంటల వీడియోలు దాదాపు అన్నీ ఎస్‌డీఆర్‌లో తీసినవే. టీవీకి తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్కో, పెట్టెనో అన్నిటినీ హెచ్‌డీఆర్‌గా మార్చి పంపేలా పెట్టి ఉంటే, 1980ల పాట కూడా హెచ్‌డీఆర్ డబ్బాలో ఎక్కి వస్తుంది. తెలుపుని 100 నుంచి 200 నిట్ల దగ్గర బిగించేస్తుంది. పాట వెలుగు పోయి, రంగు పాలిపోయి కనబడుతుంది. ఇందులో టీవీ తప్పేమీ లేదు.

ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగుల్లో డైనమిక్ రేంజ్ అని ఉంటుంది. అది ‘ఆల్వేస్ హెచ్‌డీఆర్’లో ఉంటే ‘అడాప్టివ్’కి మార్చండి. యాపిల్ టీవీ పెట్టెలో ఫార్మాట్‌ని 4కె ఎస్‌డీఆర్‌గా ఉంచి, ‘మ్యాచ్ కంటెంట్’లో ‘మ్యాచ్ డైనమిక్ రేంజ్’ ఆన్ చెయ్యండి. అప్పుడు ఎస్‌డీఆర్ ఎస్‌డీఆర్‌గానే, హెచ్‌డీఆర్ హెచ్‌డీఆర్‌గానే వస్తాయి. పాత పాటలు మసకగా ఉన్నాయన్న బాధ చాలా ఇళ్ళలో ఈ ఒక్క మార్పుతో తీరిపోతుంది.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. సినిమా హెచ్‌డీఆర్‌లో ఉన్నా మనకి రాకపోవడం. నెట్‌ఫ్లిక్స్ లాంటి చోట్ల హెచ్‌డీఆర్ పై ప్లాన్‌లోనే దొరుకుతుంది. సినిమా వివరాల దగ్గర హెచ్‌డీఆర్ లేదా డాల్బీ విజన్ ముద్ర కనబడకపోతే సెట్టింగులతో కుస్తీ పట్టి లాభం లేదు.

రెండు: తీగ, దాని రంధ్రం

పెట్టెని టీవీకి కలిపే హెచ్‌డీఎమ్ఐ పోర్టుకి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. ఎల్‌జీలో దాన్ని ‘హెచ్‌డీఎమ్ఐ డీప్ కలర్’ అని, శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ అని, సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’ అని పిలుస్తారు. అది ఆఫ్‌లో ఉంటే పెట్టె హెచ్‌డీఆర్ పంపదు. పోర్టు పోర్టుకీ ఈ సెట్టింగు విడిగా ఉంటుంది. తీగ ఒక పోర్టు నుంచి తీసి ఇంకో పోర్టుకి పెట్టాక బొమ్మ మారిపోయిందంటే కారణం ఇదే అయ్యుండొచ్చు.

డాల్బీ విజన్ గురించి ఒక ముక్క. శాంసంగ్ టీవీలు దాన్ని తీసుకోవు, వాటికి హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. శాంసంగ్‌లో డాల్బీ ముద్ర రాకపోతే లోపం అనుకోనక్కర్లేదు.

మూడు: కరెంటు ఆదా చేసే మంచితనం

అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతాడు. కొత్త టీవీలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కరెంటు పొదుపు ఆన్‌లో ఉంటుంది. యూరప్‌లో 2021 మార్చి నుంచి టీవీల కరెంటు లేబుల్ మీద హెచ్‌డీఆర్‌కి విడిగా గ్రేడు వేస్తున్నారు. 2023 మార్చి నుంచి 4కె, 8కె టీవీలకి పరిమితులు ఇంకా బిగించారు. పరీక్ష ఫ్యాక్టరీ సెట్టింగు మీదే చేస్తారు కాబట్టి, కంపెనీలు ఆ సెట్టింగుని మసకగా ఉంచి పంపుతాయి. వెలుగు కావాలంటే మనం మార్చుకోవాలి, అది మామూలే.

ఎనర్జీ సేవింగ్, పవర్ సేవింగ్, ఎకో అన్న పేర్లు కనబడితే ఆపండి. శాంసంగ్ కొత్త మోడళ్ళలో ‘బ్రైట్‌నెస్ ఆప్టిమైజేషన్’, ‘బ్రైట్‌నెస్ రిడక్షన్’ అని రెండూ ఉంటాయి, రెండూ చూడండి. ఎల్‌జీలో ‘ఎనర్జీ సేవింగ్’తోపాటు ‘ఏఐ బ్రైట్‌నెస్’ చూడండి. సోనీలో లైట్ సెన్సర్ చూడండి.

ఈ లైట్ సెన్సర్ గది వెలుతురుని బట్టి తెర వెలుగు మారుస్తుంది. ఆలోచన మంచిదే. కానీ సెన్సర్ సాధారణంగా టీవీ అడుగు అంచున ఉంటుంది. దాని ముందు సౌండ్‌బారో, వినాయకుడి బొమ్మో, సంక్రాంతికి పెట్టిన బొమ్మల వరసో ఉంటే, గదిలో ఎంత ఎండ ఉన్నా టీవీకి అది చీకటి గదే! వెలుగు తగ్గించేస్తుంది. సెన్సర్ ముందు అడ్డు తీయండి, లేదా సెన్సర్ ఆపేయండి.

నాలుగు: పిక్చర్ మోడ్, సరైన మీట

టీవీ మెనూలో మనల్ని అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టే విషయం ఒకటుంది. ఎస్‌డీఆర్‌కీ, హెచ్‌డీఆర్10కీ, డాల్బీ విజన్‌కీ సెట్టింగులు చాలా టీవీల్లో వేరువేరుగా దాచిపెడతారు. మామూలు ఛానెల్ చూస్తూ మార్చినవన్నీ హెచ్‌డీఆర్ సినిమా పెట్టగానే పనికిరావు. హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగానే మెనూ తెరిచి మార్చాలి. డాల్బీ విజన్ సినిమా పెట్టి ఇంకోసారి మార్చాలి.

పేర్ల గందరగోళం రెండోది. ‘బ్రైట్‌నెస్’ అన్న మాట ఒక్కో కంపెనీలో ఒక్కో పని చేస్తుంది. సోనీలో, ఇటీవలి శాంసంగ్‌లో అది నిజంగా తెర వెలుగు. పాత శాంసంగ్, పాత ఎల్‌జీలలో అది నలుపు మట్టాన్ని మార్చేది. దాన్ని పెంచితే నలుపు బూడిదరంగు అవుతుంది తప్ప, దీపం వెలుగు పెరగదు. అక్కడ తెర వెలుగుని ‘బ్యాక్‌లైట్’ అనో, ‘ఓఎల్ఈడీ లైట్’ అనో, ‘ఓఎల్ఈడీ పిక్సెల్ బ్రైట్‌నెస్’ అనో అంటారు. హెచ్‌డీఆర్‌లో ఇది గరిష్ఠంలో ఉందో లేదో చూడండి. కాంట్రాస్ట్‌ని ఫ్యాక్టరీ అంకె దగ్గరే ఉంచండి. దాన్ని తగ్గిస్తే తళుకులు తగ్గుతాయి.

మూడోది, అసలు తళుకులకే పెట్టిన మీట. ఎల్‌జీ ఓఎల్ఈడీలలో ‘పీక్ బ్రైట్‌నెస్’, సోనీలో ‘పీక్ లూమినెన్స్’, ఎల్ఈడీ టీవీల్లో ‘లోకల్ డిమ్మింగ్’. ఇవి ‘హై’లో ఉండాలి. లోకల్ డిమ్మింగ్ అంటే తెర వెనుక దీపాలని గదులుగా విడదీసి, వెలుగు కావాల్సిన చోట పెంచి, చీకటి చోట తగ్గించడం. ఆపేస్తే తళుకుకీ నీడకీ ఒకే దీపం.

మోడ్ విషయానికొస్తే, ‘వివిడ్’ వెలుగెక్కువ, రంగు నీలం. ‘సినిమా’, ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్‌లు దర్శకుడు చూసినదానికి దగ్గర. రాత్రికి ఇవే మంచివి. పగటికి ‘స్టాండర్డ్’ లేదా ‘సినిమా హోమ్’ లాంటివి పెట్టుకుంటే ఎవరూ మనల్ని తప్పుపట్టరు. డాల్బీ విజన్‌లో ‘డార్క్’, ‘బ్రైట్’ అని రెండు ఉంటే పగలు బ్రైట్. 2020 నుంచి వచ్చిన కొన్ని టీవీల్లో డాల్బీ విజన్ ఐక్యూ ఉంటుంది. అది గది వెలుతురు చూసి నీడలని పైకి తెస్తుంది. దీనికీ ఆ సెన్సరే ఆధారం, కాబట్టి సౌండ్‌బార్ సంగతి మరచిపోకండి.

ఐదు: టోన్ మ్యాపింగ్

సినిమా ‘4000 నిట్లు’ అంటే మన టీవీ 600 దగ్గర ఆగిపోతుంది. మిగతాదాన్ని ఎలా సర్దాలో నిర్ణయించేదే టోన్ మ్యాపింగ్. కొన్ని టీవీలు పైనున్న తళుకుల వివరాలు కాపాడడానికి మొత్తం బొమ్మని కిందికి నొక్కుతాయి. కొన్ని పై వివరాలు వదిలేసి మధ్య వెలుగు నిలబెడతాయి. ‘డైనమిక్ టోన్ మ్యాపింగ్’ ఆన్ చేస్తే టీవీ సన్నివేశం సన్నివేశానికీ లెక్క వేసుకుని, మొత్తం మీద వెలుగు పెంచుతుంది. దర్శకుడి ఉద్దేశం నుంచి కాస్త జరుగుతాం, కానీ ఎండ గదిలో మొహాలు కనబడతాయి. ఇల్లు మనది, కళ్ళు మనవి. పగలు ఆన్, రాత్రి ఆఫ్ అన్నది నా పద్ధతి.

మీటరు పెట్టి కొలిచేవాళ్ళకి

ఇంట్లో ఎవరికైనా కాలిబ్రేషన్ సరదా ఉంటే, లేదా నాలాగా అంకె చూస్తే గానీ తృప్తి లేకపోతే, ఈ భాగం మీకోసం. మా ఇంట్లో ఉన్నది కొన్నేళ్ళ కిందటి మధ్యరకం ఓఎల్ఈడీ. తెరలో పదోవంతు సైజు తెల్ల చతురస్రం పెట్టి కొలిస్తే మొదట 310 నిట్లు వచ్చింది. ఆ రకం తెరలు 600, 700 ఇవ్వాలి. పొదుపు సెట్టింగు ఆపితే 430. పీక్ బ్రైట్‌నెస్ ‘హై’ చేస్తే 660. రంగులు సరిచేశాక 620 దగ్గర స్థిరపడింది. తెర అదే, తీగ అదే. ‘అంతే’ అన్న మాటకి ఖరీదు అక్షరాలా సగం వెలుగు.

కొలిచేటప్పుడు అంకె తక్కువ వస్తే, టీవీని అనుమానించే ముందు ఇవి చూడండి.

నమూనా హెచ్‌డీఆర్‌లోనే వస్తోందా? తెల్ల చతురస్రం ఎస్‌డీఆర్‌లో వస్తే టీవీ హెచ్‌డీఆర్ సెట్టింగుల్లోకి వెళ్ళనే వెళ్ళదు. తెర మీద హెచ్‌డీఆర్ ముద్ర చూశాకే కొలవండి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎస్‌టీ 2084 ఎంచుకోవాలి.

చతురస్రం ఎంత పెద్దది? ఓఎల్ఈడీ టీవీకి కరెంటు ఖర్చులో ఒక హద్దు ఉంటుంది. గిన్నెడు పాయసం పదిమందికి వడ్డిస్తే తలా కప్పు వస్తుంది, వందమందికి వడ్డిస్తే తలా చెంచా. పదోవంతు తెరకి 700 ఇచ్చే ఓఎల్ఈడీ, తెరంతా తెల్లగా చేస్తే 150 దరిదాపులకి పడిపోవడం మామూలే. మంచు కొండల సన్నివేశంలో బొమ్మ తగ్గినట్టనిపించడానికి కారణం ఇదే. లోకల్ డిమ్మింగ్ ఎల్ఈడీలలో దీనికి తిరకాసు ఇంకోలా ఉంటుంది. చతురస్రం మరీ చిన్నదైతే వెనుక గదులు పూర్తిగా వెలగవు. అందుకే పదోవంతు సైజు అందరూ వాడే కొలత.

ఎంతసేపు నిలబెట్టారు? కదలని బొమ్మ కాసేపు అలాగే ఉంటే, మచ్చ పడకుండా ఓఎల్ఈడీ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. నమూనాల మధ్య నల్ల తెర పెట్టి, త్వరగా చదవాలి. మరోపక్క, టీవీ ఆన్ చేయగానే కొలవకూడదు. అరగంట, ముప్పావుగంట మామూలు వీడియో నడిపి వేడెక్కనివ్వాలి.

మీటరు హద్దు ఎంత? ఇది చాలామందికి తట్టదు. ఫోటోగ్రాఫర్లు విరివిగా వాడే పాత ఐ1 డిస్‌ప్లే ప్రో మీటరు 1000 నిట్ల దాకానే చదవగలదు. దాని ప్లస్ రకం 2000 దాకా. 1500 నిట్ల టీవీకి మొదటిది పెడితే తప్పు టీవీది కాదు, కొలబద్దది.

రంగు సరిచేస్తే వెలుగు తగ్గుతుంది. ఎల్ఈడీ, ఓఎల్ఈడీ తెరలు నీలంవైపు మొగ్గితే ఎక్కువ వెలుగిస్తాయి. సినిమా ప్రమాణమైన 6500 కెల్విన్ తెలుపుకి తీసుకురావాలంటే ఎక్కువ ఉన్న రంగుని తగ్గించాలి, దాంతో మొత్తం కొంత దిగుతుంది. ప్రకటనల్లోని గరిష్ఠ అంకెలు సాధారణంగా వివిడ్ మోడ్‌లోవి. వాటితో పోల్చుకుని బాధపడొద్దు. సరిచేసేటప్పుడు రంగుల మీటల్ని పైకి తోసే బదులు, ఎక్కువైనదాన్ని కిందికి దించడం పద్ధతి. పైకి తోస్తే ఆ రంగు గరిష్ఠానికి గుద్దుకుని ఆగిపోతుంది.

అన్నీ చూశాక కూడా మసకే అయితే

అప్పుడు తెర హద్దు తేలినట్టు. 300 నిట్ల టీవీని ఎన్ని సెట్టింగులు మార్చినా 1000 చెయ్యలేం. అలాంటి టీవీలో పగటిపూట హెచ్‌డీఆర్ ఆపేసి ఎస్‌డీఆర్‌లోనే చూసుకోవడం తెలివైన పని. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఒక భాగం మాత్రమే చీకటిగా ఉందా, మొన్నటిదాకా బాగుండి హఠాత్తుగా తగ్గిందా, అంచున నల్లటి పట్టీ పడిందా? అప్పుడు వెనుక దీపాల వరస పాడై ఉండొచ్చు. అది సెట్టింగుల సంగతి కాదు, వారంటీ సంగతి. కొత్త టీవీ అయితే పై పరీక్షలన్నీ రిటర్న్ గడువు లోపలే పూర్తి చెయ్యండి. సెట్టింగులని ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకుంటే, ‘మేడమ్, ఎకో మోడ్ ఆపారా?’ అని అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తాయి.

ఓఎల్ఈడీ ఉన్నవాళ్ళకి ఒక ప్రత్యేక మాట. రాత్రి పడుకునేముందు టీవీ స్విచ్చి గోడ దగ్గర ఆపడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. అమెరికా సాకెట్లకి స్విచ్చి ఉండదు కానీ యూకే, గల్ఫ్, మలేషియాలలో ఉంటుంది. నాలుగైదు గంటలు చూశాక, టీవీ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు ఓఎల్ఈడీ తన చుక్కలని తానే సరిచూసుకుంటుంది. ప్లగ్గు ఆపేస్తే ఆ పని జరగదు. తెర కలకాలం సమంగా ఉండాలంటే రిమోట్‌తో ఆపి వదిలేయండి.

గది కూడా తెరలో భాగమే

2019 ఏప్రిల్‌లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ మూడో భాగం వచ్చినప్పుడు, యుద్ధమంతా చీకట్లో కలిసిపోయిందని ప్రపంచమంతా గోల చేసింది. దాని ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్, కావాలనే అలా తీశామనీ, చాలామంది టీవీలు సరిగ్గా సెట్ చేసుకోరనీ అన్నారు. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ ఆయన చూసుకున్నది చీకటి గదిలో, ప్రమాణాలకి సరిచేసిన తెర మీద. మన హాలు అలాంటిది కాదు. తెర మీద ఎండ పడితే నలుపు బూడిదరంగు అవుతుంది, నీడల్లోని వివరాలన్నీ దాంట్లో మునిగిపోతాయి. పక్క కిటికీకి ఒక మందపాటి కర్టెన్ వేస్తే కలిగే లాభం, కొన్నిసార్లు 200 నిట్లు ఎక్కువిచ్చే టీవీ కొన్నా రాదు. టీవీని కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడకి పెట్టగలిగితే ఇంకా మంచిది.

మన ఇళ్ళకి ఆరు నెలల కోసం వచ్చే అమ్మానాన్నలు, అత్తమామల గురించి కూడా ఆలోచించాలి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది, శుక్లాలు ఉంటే ఇంకా కష్టం. మనకి చాలిన వెలుగు వాళ్ళకి చాలదు. ‘ఏంటమ్మాయ్, ఇంత చీకటి సినిమా’ అని మా అత్తగారు అంటే అది చాదస్తం కాదు, కొలవగలిగిన నిజం. బయటికి వెళ్ళడానికి కారు నడపలేని దేశంలో, పగలంతా ఆమెకి ఉన్న కాలక్షేపం ఆ తెరే. ఆమె కోసం ఒక మోడ్ విడిగా పెట్టి ఉంచాను. స్టాండర్డ్ మోడ్, సెన్సర్ ఆఫ్, డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఆన్. రిమోట్‌లో రెండు నొక్కులతో అక్కడికి చేరుకునేలా నేర్పాను. ఇప్పుడు ఆవిడే రాత్రి మమ్మల్ని ‘మీ సినిమా మోడ్‌కి మార్చుకోండి’ అంటారు.

ఈ వారాంతం ఒక గంట తీసుకోండి. ఒక హెచ్‌డీఆర్ సినిమాలో దీపమో, మంటో, ఎండలో నీళ్ళో ఉన్న సన్నివేశం దగ్గర ఆపకుండా, మళ్ళీ మళ్ళీ అదే ముక్క నడుపుతూ పైన చెప్పిన వరసలో ఒక్కొక్కటీ మార్చి చూడండి. పెట్టె, పోర్టు, పొదుపు, సెన్సర్, మోడ్, మీట, టోన్ మ్యాపింగ్. మంచి ఫలితం ఇచ్చిన అంకెల్ని వంటింటి పుస్తకంలోనో, ఫోన్‌లోనో రాసి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి టీవీ అన్నీ మరచిపోయిన రోజున, ఇంట్లో వాళ్ళందరూ ఆ కాగితం కోసం మీ దగ్గరికే వస్తారు.